కణం ఒత్తిడిలో ఉంటే మందు వేయాలా?

మన కణాలు తయారుచేసే ప్రొటీన్లలో దాదాపు మూడోవంతు ముందుగా అంతర్జీవద్రవ్యజాలం అనే కణభాగంలోకి వెళతాయి. అక్కడ సరైన ఆకృతిలో మడతపడ్డాకే కణత్వచానికో, కణం వెలుపలికో చేరతాయి. మడత కుదరని ప్రొటీన్లు పేరుకుపోతే కణం ఒత్తిడికి లోనై, ఆ సంగతి పసిగట్టి తన పనితీరును మార్చుకుంటుంది. పసిగట్టే ఐఆర్‌ఈ-1 అనే ప్రొటీన్‌ను 1993లో పీటర్ వాల్టర్ బృందమూ, కజుతోషి మోరి పనిచేసిన బృందమూ విడివిడిగా ఈస్ట్‌లో గుర్తించాయి. వాల్టర్, మోరిలకు 2014లో లాస్కర్ పురస్కారం దక్కింది. ఈ స్పందనను మందులతో మార్చవచ్చని తేలింది కానీ, మార్చడం మంచిదేనా అన్నది ఇంకా తేలలేదు.

మార్చాలనే వారి వాదన బలమైనదే. ఒత్తిడి వేళ పెర్క్ అనే మరో ప్రొటీన్ కొత్త ప్రొటీన్ల తయారీని తగ్గిస్తుంది. కొద్దిసేపైతే అది కణానికి ఊపిరి సలిపే వెసులుబాటు. రోజుల తరబడి కొనసాగితే మాత్రం నాడీకణాలకు అవసరమైన ప్రొటీన్లు కూడా అందవు. మెదడును దెబ్బతీసే ప్రయాన్ వ్యాధి సోకిన ఎలుకల్లో పెర్క్‌ను అడ్డుకునే మందు మెదడు కణాలను కాపాడిందని 2013లో తేలడంతో ఆశలు పెరిగాయి.

అయితే అవే ఎలుకలు బరువు తగ్గాయి, రక్తంలో చక్కెర పెరిగింది. నిరంతరం ఇన్సులిన్‌ను స్రవించే క్లోమ కణాలు పెర్క్ మీద ఎంతగానో ఆధారపడతాయి. పుట్టుకతోనే పెర్క్ జన్యువు పనిచేయని పిల్లలకు పసితనంలోనే మధుమేహం వస్తుందన్న విషయం 2000 నాటికే తెలుసు. మెదడుకు మేలు చేసినది క్లోమానికి కీడు చేయవచ్చు.

ఒత్తిడిని తగ్గించడమే ఎప్పుడూ లక్ష్యమని కూడా చెప్పలేం. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కణాలు యాంటీబాడీలను విపరీతంగా ఉత్పత్తి చేస్తూ అప్పటికే తట్టుకోగల భారం అంచున ఉంటాయి. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజోమిబ్, పాడైన ప్రొటీన్ల తొలగింపును అడ్డుకుని ఆ కణాలు తట్టుకోలేనంతగా ఆ భారాన్ని పెంచుతుంది. అది ఎందరికో ఆయుష్షు పెంచిందనడంలో సందేహం లేదు. దానితోపాటు కాళ్లూ చేతుల తిమ్మిర్లు, నరాల నొప్పీ చాలామందికి తప్పలేదు.

మధ్యేమార్గంగా వాల్టర్ ప్రయోగశాల 2013లో వెల్లడించిన రసాయనం ఇస్రిబ్‌ను చూపేవారున్నారు. అది పెర్క్‌ను ముట్టదు. పెర్క్ పంపే సంకేతం ప్రొటీన్ తయారీని అడ్డుకునే చోట మాత్రమే పనిచేస్తుంది. ఒత్తిడి ఒక మోస్తరుగా ఉన్నప్పుడే దాని ప్రభావం కనిపిస్తుంది. ప్రయాన్ ఎలుకల్లో కొంతమేరకే రక్షణ ఇచ్చినా, క్లోమానికి హాని చేయలేదు. కానీ ఇదే సూత్రం మీద రూపొందిన ఒక మందు, నాడీకణాలు నశించే వ్యాధి అయిన ఏఎల్‌ఎస్ రోగుల్లో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2025లో తేలింది. ఊహే తప్పని కొందరు అనవచ్చు, వ్యాధి ముదిరాక ఇవ్వడం వల్లనేనని మరికొందరు అనవచ్చు. ఏ ఒక్క వాదననూ ఇప్పుడే కొట్టిపారేయలేం.

కాబట్టి ఈ స్పందనను శత్రువుగానో రక్షకుడిగానో ముందే తీర్మానించుకోవడం తొందరపాటే. ఏ కణజాలంలో, వ్యాధి ఏ దశలో, ఎంతకాలం అన్నవి తేల్చుకున్నాకే జోక్యం చేసుకోవడం మేలు. రోగి కణాల్లో ఒత్తిడి స్థాయిని కొలిచే నమ్మకమైన పద్ధతులు అందుకు ముందు కావాలి. వాటి కోసం ఆగడం ఆలస్యానికి దారితీస్తుంది. వేరే చికిత్స లేని రోగికి ఆలస్యమూ నష్టమే. ఆ నష్టాన్ని ఒప్పుకుంటూనే, అలాంటి రోగులకు చిన్న పరీక్షల్లో అవకాశమిచ్చి, క్లోమం వంటి అవయవాలపై కన్నేసి ఉంచడమే ప్రస్తుతానికి సమంజసంగా కనిపిస్తోంది.