చెవికి చికిత్స సరే, మరి చేతికో?

వంకాయ పడదంటే మన ఇళ్ళల్లో ఒప్పుకుంటారు. "పాపం, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి" అని ఆ పూటకి బీరకాయ వేపుడు చేసి పెడతారు. దుమ్ము పడదంటే అటక దులిపే పని ఇంకొకరికి అప్పగిస్తారు. ఘాటైన సెంటు పడదన్నా సరే, పెళ్ళిలో పన్నీరు చల్లేవాళ్ళు మనల్ని దాటుకుని వెళ్తారు. "నాకు చప్పుడు పడదు" అని మాత్రం ఒక్కసారి అని చూడండి! నలుగురూ నాలుగు రకాలుగా చూస్తారు. "అబ్బో, మహారాణీవారు!" అంటారొకరు. "నరాల బలహీనత" అంటారింకొకరు. "ఈ వయసులో ఆడవాళ్ళకి ఇలాంటివన్నీ మామూలే" అని తేల్చేస్తారు మూడోవారు. నాలుగోవారు ఏమీ అనరు. టీవీ శబ్దం ఇంకాస్త పెంచుతారు.

నేను ఆ చప్పుడు పడని జాతికి చెందినదాన్ని. స్టీలు పళ్ళెం గచ్చు మీద పడితే మీరు ఉలిక్కిపడతారు. నాకు చెవిలో సూది దిగినట్టవుతుంది. కుక్కరు కూతలు మీరు లెక్కపెట్టుకుంటారు. నేను రెండో కూతకి పెరట్లో ఉంటాను. సైలెన్సరు పీకేసిన మోటారు సైకిలు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయిన పది నిమిషాలకి గానీ నా గుండె దడ తగ్గదు. "నవలలు రాసే మనిషివి కదా, మూడ్ చెడిపోతుంది కాబోలు" అంటారు తెలిసినవాళ్ళు. మూడ్ సంగతి దేవుడెరుగు, ఉల్లిపాయలు తరిగేటప్పుడూ నాకు ఇదే బాధ!

దీనికి వైద్యశాస్త్రంలో ఒక పేరుంది. హైపరాక్యూసిస్ అంటారు. పదిమందికీ మామూలుగా ఉండే చప్పుడు కొందరి చెవికి భరించలేనంత పెద్దదిగా, ఒక్కోసారి నొప్పిగా తోచడం. దీనికో సవతి చెల్లెలుంది, మిసోఫోనియా అని. ఆవిడకి చప్పుడు పెద్దదా చిన్నదా అన్న పట్టింపు లేదు, ఏ చప్పుడన్నదే ముఖ్యం. పక్కవాళ్ళు చప్పరిస్తూ తినడం, కాఫీ జుర్రడం, ముక్కు ఎగబీల్చడం వింటే చాలు, ఒళ్ళు మండిపోతుంది. అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపిస్తుంది. మిసోఫోనియా అన్న పేరు పెట్టింది మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రజ్ఞులు, 2001లో. నిపుణులంతా కలిసి దాని నిర్వచనం మీద ఒక మాటకొచ్చింది 2022లో. పేరు కొత్తదే గానీ బాధ పాతదే. పేరు లేనన్నాళ్ళూ మన అమ్మమ్మలకి "కోపిష్టి మనిషి" అన్న బిరుదొక్కటే దక్కింది.

ఇక చికిత్స మాటకొద్దాం. చప్పుడు పడనివాళ్ళకి వైద్యులు చెప్పేదేమిటో తెలుసాండీ? చప్పుడే! సౌండ్ థెరపీ అంటారు. చెవి వెనక చిన్న పరికరం పెడతారు. అది సన్నగా, ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు, "స్...స్..." మంటూ ఉంటుంది. మొదట వినీ వినిపించనంత. వారాలు గడిచేకొద్దీ చెవి ఒప్పుకున్నంత మేరకి కొద్దికొద్దిగా పెంచుతారు. రోజుకి కొన్ని గంటల చొప్పున నెలల తరబడి సాగే వ్యవహారం ఇది. దీంతోపాటు కూర్చోబెట్టి మాట్లాడటం, భయం పోగొట్టడం కూడా చికిత్సలో సగం.

ముల్లుని ముల్లుతోనే తీయడమా అని మొదట నాకు నవ్వొచ్చింది. నేను బి.ఏ. చదివినదాన్ని, సైన్సుతో నాకు చుట్టరికం తక్కువ. అయినా అర్థమయ్యేదాకా అడిగి తెలుసుకున్నాను. చీకటి గదిలో కూర్చుంటే కంటిపాప విచ్చుకుంటుంది కదా! ఆపైన చిన్న దీపం వెలిగించినా కళ్ళు జిగేల్మంటాయి. వినికిడిదీ దాదాపు అదే పద్ధతిట. చెవిలో దూది కుక్కుకుని కూర్చుంటే "చప్పుళ్ళేవీ రావడం లేదే" అని మెదడు తన లోపలి మీట తిప్పి శబ్దాన్ని పెంచుకుంటుంది. దూది తీయగానే గరిటె చప్పుడు గంటలా మోగుతుంది. 2003లో అమెరికాలో ఫార్మ్‌బీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు ఈ సంగతి పరీక్షించి చూశారు. రెండు వారాలపాటు కొందరికి చెవి బిరడాలు, కొందరికి సన్నగా హోరుమనే పరికరాలు పెట్టారు. బిరడాలు పెట్టుకున్నవాళ్ళ చెవులు మరింత సున్నితమయ్యాయి. హోరు విన్నవాళ్ళు అంతకుముందు కంటే పెద్ద చప్పుడుని ఓర్చుకోగలిగారు. కాబట్టి నాలాంటి సోదరీమణులకి ముందుగా చెప్పేది ఇదే. డ్రిల్లింగు మిషను దగ్గరా, డీజే పెట్టెల దగ్గరా చెవులు మూసుకోండి, తప్పులేదు. ఇరవై నాలుగు గంటలూ మాత్రం మూసుకుని కూర్చోకండి.

అలాగని సౌండ్ థెరపీ సర్వరోగ నివారిణి అని నేను చాటింపు వేయడం లేదు. చెవిలో హోరు వినబడే జబ్బుకి కూడా ఇదే చికిత్స చేస్తారు. దాని మీద అమెరికా సైనిక ఆస్పత్రుల్లో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. నిజమైన పరికరం పెట్టినవాళ్ళూ, ఉత్తుత్తి పరికరం పెట్టినవాళ్ళూ, మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్ళూ దాదాపు ఒకే మాదిరిగా బాగుపడ్డారు. అంటే పరికరం పాత్ర ఎంత, దగ్గర కూర్చుని ఓపిగ్గా మాట్లాడిన మనిషి పాత్ర ఎంత అన్నది ఆలోచించవలసిన విషయమే. మిసోఫోనియాకయితే వానచప్పుడు కంటే ఆలోచనల ధోరణిని మార్చే మనో చికిత్స మీదే నిపుణులు ఎక్కువ ఆశ పెట్టుకుంటున్నారు. ఇక "ఫలానా రాగం నలభై రోజులు వినండి, చెవిజబ్బు మాయం" అని ఫోనులో అమ్మేవాళ్ళున్నారే, వాళ్ళకో నమస్కారం పెట్టి డబ్బు దాచుకోండి. ముందు సరైన ఆడియాలజిస్టు చేత చెవులు పరీక్ష చేయించుకోండి. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. రెండూ ప్రభుత్వానివే.

ఇన్నీ బేరీజు వేసుకుని, చికిత్స చేయించుకుందామనే నిశ్చయించుకున్నాను. ఆ మాట నలుగురి చెవినా పడింది. అదిగో, అక్కడ వచ్చింది తంటా!

మా వీధిలో నాకు వదిన వరసయ్యే ఆవిడ ఒకరున్నారు. వాళ్ళబ్బాయి చవితి పందిరి కమిటీకి పెద్ద. ఆవిడ మొహం చాటంత చేసుకుని, "చూశారా వదినగారూ, డాక్టర్లు కూడా చప్పుళ్ళు వినమనే అంటున్నారు. ఇంక మావాడి మైకుల మీద మీకు కోపం ఉండకూడదు మరి!" అన్నారు. మావారు వార్తల శబ్దం పెంచుతూ, "ఇదీ నీ చికిత్సలో భాగమేననుకో" అన్నారు. మరిదిగారైతే ఫోనులో ఆ నిమిషం నిడివి వీడియోలు చెవి తీగ పెట్టుకోకుండా హాల్లో కూర్చుని చూస్తూ, "అలవాటు చేసుకోవాలి వదినా, అలవాటు!" అని హితబోధ చేశారు.

నా పోట్లాటంతా ఈ "అలవాటు" అన్న మాటతోనే. డాక్టరు రెండు చుక్కల మందు పొద్దున్నే వేసుకోమన్నాడనుకోండి. ఎవరో వచ్చి సీసా మొత్తం మన నోట్లో వంపి, "మందేగా, మింగు" అంటే దాన్ని వైద్యమంటామా? చికిత్సలో వినిపించే చప్పుడు సన్ననిది. ఎప్పుడు వస్తుందో ముందే తెలిసినది. అన్నిటికంటే ముఖ్యం, దాని మీట నా చేతిలో ఉంటుంది. ఎక్కువైందనిపిస్తే తగ్గించుకుంటాను. ఆ ధైర్యం మీదే చెవి మెల్లగా మచ్చికవుతుంది. పందిట్లో మైకు మీట నా చేతిలో లేదు. రాత్రి పదకొండింటికి ఫంక్షన్ హాల్లో మోగే డీజే మీటా నా చేతిలో లేదు. ఆఖరికి మా హాల్లో టీవీ రిమోటూ నా చేతిలో లేదు! మీట ఒకరి చేతిలో, చెవి ఇంకొకరిది అయినప్పుడు దాన్ని అలవాటు అనరు, దౌర్జన్యం అంటారు.

పోనీ మన ఇళ్ళల్లో నిశ్శబ్దమనేదే లేదా అంటే, ఉంది. అబ్బాయికి ఇంటర్ పరీక్షలంటే నెల్లాళ్ళు టీవీకి ముసుగు వేస్తాం. ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే వంటింట్లో గిన్నెలు కూడా ఊపిరి బిగబట్టుకుంటాయి. మామగారు పేపరు చదువుతుంటే పిల్లలు పిల్లుల్లా నడుస్తారు. మరి ఇల్లాలికి తలనొప్పి అంటే? "ఓ మాత్ర వేసుకో" అంటాం. నిశ్శబ్దం కూడా కూరలాంటిదేనమ్మా. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలితే ఆవిడకి!

వీధి సంగతికొస్తే, మనకి చట్టం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2000లో శబ్ద కాలుష్య నియమాలు చేసింది. ఇళ్ళున్న ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలాలుగా ప్రకటిస్తే, అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రి అంటే 10 గంటల నుంచి పొద్దున్న 6 దాకా. పండగల పేరు మీద రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా మైకుకి అనుమతి ఇవ్వొచ్చు గానీ, అదీ ఏడాదికి 15 రోజులు మించి కాదు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. మాట్లాడే హక్కు అందరికీ ఉంది గానీ, ఆ మాటని మైకులో పెట్టి, వద్దన్నవాడి చెవిలో బలవంతాన పోసే హక్కు ఎవరికీ లేదంది.

"55 ఎక్కడ, 85 ఎక్కడ? ముప్ఫయ్యేగా తేడా!" అని తేలిగ్గా తీసేయకండి. డెసిబెల్ లెక్క మన చిట్టాపద్దుల లెక్కలాంటిది కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు, ముప్ఫై పెరిగితే వెయ్యి రెట్లు! 85 దగ్గర రోజూ ఎనిమిదేసి గంటలు ఏళ్ళ తరబడి పనిచేస్తే మంచి చెవులే పాడవుతాయి. అంటే ఆ మైకు కింద కుర్చీ వేసుకుని కూర్చున్న కుర్రాడు నన్నొక్కదాన్నే బాధపెడుతున్నాననుకుంటున్నాడు గానీ, తన చెవులకీ తనే ఎసరు పెట్టుకుంటున్నాడు.

చప్పుడు పడనివాళ్ళకీ ఒక ధర్మం ఉంది, అదీ చెబుతాను. మన చెవి కోసం ఇంట్లో పసిపిల్ల ఏడవకూడదనీ, పిల్లలు ఆడుకోకూడదనీ, పెద్దాయన దగ్గకూడదనీ అంటే అది జబ్బు పేరు చెప్పి చేసే పెత్తనం. బతుకన్నాక చప్పుడుంటుంది. కుక్కరు కూత వేస్తుంది, పాలబ్బాయి బెల్లు కొడతాడు, కోడలి గాజులు మోగుతాయి. వీటితో రాజీపడటం నా వంతు. అందుకే డబ్బూ కాలమూ ఖర్చుపెట్టి నా చెవికి శిక్షణ ఇప్పించుకుంటానంటున్నాను. అయితే అవసరమైన చప్పుడు వేరు, అహంకారపు చప్పుడు వేరు. మొదటిదానికి నేను అలవాటు పడతాను. రెండోదాన్ని వాళ్ళు మానుకోవాలి.

కాబట్టి అమ్మా, మీ ఇంట్లో ఎవరైనా "నాకు చప్పుడు పడదు" అంటే నవ్వకండి. నరాల మాత్ర చేతిలో పెట్టకండి. పరీక్షకి తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు దారిలో మీ ఇంటి రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో కూడా కాస్త ఆలోచించండి. చెవికి చికిత్స ఏడాదో, ఏడాదిన్నరో పట్టొచ్చు. శబ్దం తగ్గించే మీట తిప్పడానికి ఒక్క వేలు చాలు. ఆ వేలు కదలని చేతులకి ఏ డాక్టరు చికిత్స చేస్తాడో మీకు తెలిస్తే నాకూ చెప్పండి. మా వీధిలో రోగులు చాలామందే ఉన్నారు!