మన పని, మన పనిముట్టు: క్లచ్ వైరు కంపెనీదా, బయటిదా?



మిల్లులు మూతపడ్డంక మన సోలాపూర్ల చాలా ఇండ్లకు అన్నం పెట్టింది సాంచె, బీడీ, బండి. చాదర్లు, టవళ్లు మూటలు కట్టి సంతలకు తీసుకపోయే మన పిల్లలు కొందరు ఇంకా మారుతి ఓమ్నీ మీదనే బతుకుతున్నరు. ఆ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు మన గల్లీలల్ల తిరిగే ప్రతి ఓమ్నీ పాతదే. పాత బండికి క్లచ్ రోగం తప్పది. సామాన్ల దుకాణానికి పోతే అడిగే మాట ఒక్కటే: "కంపెనీది ఇయ్యనా, బయటిది ఇయ్యనా?" ఈ నెల ఆ మాటకు జవాబు చూద్దాం.

ముందు పని తెలవాలె. మిల్లుల పనిచేసినోళ్లకు క్లచ్ కొత్త కాదు. పాత మగ్గానికి రెండు పుల్లీలు ఉండేవి. ఒకటి ఖాళీగ తిరిగేది, ఒకటి మగ్గాన్ని తిప్పేది. హ్యాండిల్ గుంజితే బెల్టు ఒకదాని మీదికెళ్లి ఇంకోదాని మీదికి పోయేది. మోటరు ఆగకుండనే మగ్గం ఆగేది. బండిల క్లచ్ చేసేది కూడా అదే. ఇంజన్ తిరుగుతనే ఉంటది, చక్రాలకు పోయే జోరు మాత్రం తెగుతది.

ఓమ్నీల ఈ పని వైరుతోటి నడుస్తది. కాలుతోటి పెడల్ తొక్కితే వైరు గుంజుకుంటది. వైరు గేర్‌బాక్సు దగ్గర ఉన్న చెయ్యిని లాగుతది. ఆ చెయ్యి లోపలి షాఫ్టును తిప్పుతది. షాఫ్టు బేరింగును ముందుకు నూకుతది. బేరింగు ప్రెషర్ ప్లేటును నొక్కితే క్లచ్ ప్లేటు వదులైతది. ఇండ్ల ఒక్కటి అరిగినా రోగం పెడల్ దగ్గరనే తెలుస్తది. అందుకే పెడల్ బరువైందనంగనే "మొత్తం సెట్టు మార్చాలె" అని మిస్త్రీ అంటే తొందరపడి ఒప్పుకోవద్దు.

ఇగ సామాను సంగతి. కంపెనీది, బయటిది అని రెండే అనుకుంటం గాని, నిజానికి మూడు రకాలు.

మొదటిది కార్ల కంపెనీ పేరుతోటి దాని సొంత డబ్బాల వచ్చేది. రెండోది సామాను తయారుచేసేటోళ్ల డబ్బాల వచ్చేది. కార్ల కంపెనీలు అన్ని సామాన్లు తమ చేతులతోటి చేసుకోవు, వేరేటోళ్లతోటి చేయించుకుంటయి. వైర్లు చేసే సుప్రజిత్, రెమ్సన్స్, క్లచ్ ప్లేట్లు చేసే వాలియో, ల్యూక్, ఎక్సెడీ అసొంటోళ్లు బండ్ల కంపెనీలకు ఇచ్చుకుంటనే తమ పేరుమీద కూడా బజారుల అమ్ముతరు. మూడోది పేరు, ఊరు లేని ప్లాస్టిక్ సంచిల సామాను. దీంట్లనే పెద్ద కంపెనీ డబ్బాను నకలు కొట్టిన దొంగ సామాను కూడా కలిసిపోతది.

ఏది కొనాలె? నా లెక్క సీదా ఉంటది. సామాను ధర చూడొద్దు, దాన్ని మార్చెటందుకు అయ్యే కూలి చూడాలె.

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, షాఫ్టు బుష్షులు గేర్‌బాక్సు దించితేనే చేతికి దొరుకుతయి. ఒక్క బేరింగు చెడిపోయినా గేర్‌బాక్సు మళ్ల దించాలె, కూలి మళ్ల కట్టాలె, బండి రోజంత నిలబడాలె. సంత పోతది. అందుకని లోపలి సామానుకు కంపెనీది గాని, పేరున్న తయారీదారుది గాని తప్ప వేరేది వద్దు. గేర్‌బాక్సు ఎట్లాగు దించినంక షాఫ్టు బుష్షులు కూడా చూపియ్యమనండ్రి. అవి చిన్నయే, కాని అరిగితే కొత్త ప్లేటు వేసినా పెడల్ తేలిక కాదు.

వైరు, స్ప్రింగు, పెడల్ బుష్షు బయటనే ఉంటయి. మార్చుడు అల్క. వీటికి కంపెనీదే కావాల్నని పట్టుబట్టనక్కరలేదు, పేరున్న తయారీదారుది చాలు. సంచిల సామాను మాత్రం ఇక్కడ కూడా వద్దు.

ఎందుకంటే మా మేనల్లుని బండికి ఏమైందో చెప్త. వాడు హైదరాబాద్ రోడ్డు మీద సంతలకు టవళ్లు ఏసుకపోతడు. వైరు తెగితే ఒక దుకాణంల అగ్గువకు దొరికిందని సంచిల వైరు తెచ్చి ఏయించిండు. గేర్లు గరగరమన్నయి. పాత వైరు పక్కన పెట్టి చూస్తే కొత్తదాని పైగొట్టం బొటనవేలంత తేడా ఉన్నది. నట్టు ఆఖరి చుట్టు దాక తిప్పినా పెడల్ లూజు పోలేదు. నల్‌దుర్గ్ దాటినంక గేరు పడక బండి నిలబడ్డది, సంత పాయె. బిల్లు లేదు కనుక దుకాణపాయన వాపసు తీసుకోలేదు. తర్వాత పేరున్న తయారీదారుని వైరు ఏసినం. ఇప్పటిదాక మంచిగనే ఉన్నది.

లూజు ఎందుకు ముఖ్యమో చెప్త. పెడల్‌కు పైన కొంచెం ఖాళీ నడక ఉండాలె. అసలే లేకపోతే బేరింగు ఎప్పుడూ నొక్కుకొని ఉంటది, ప్లేటు జారి కాలిపోతది. ఎక్కువుంటే క్లచ్ పూర్తిగ వదలదు, గేర్లు అరుస్తయి. ఎంత ఉండాల్నో బండి పుస్తకంల రాసి ఉంటది. మిస్త్రీతోటి ఆ కొలతకే పెట్టియ్యండ్రి.

కొనేముందు ఈ పనులు చెయ్యండ్రి.

పాత వైరు పట్టుకొని పోవాలె. లోపలి వైరు, పైగొట్టం రెండూ పక్కపక్కన పెట్టి కొలవాలె. రెండు కొసలు, నట్టు చుట్లు కలవాలె. కొత్త వైరును చేతితోటి లాగి చూడాలె, యాడా పట్టుకోకుండ జారాలె. డబ్బా మీద తయారీదారుని పేరు, నెల, సంవత్సరం, ధర అచ్చై ఉండాలె. బిల్లు తప్పకుండ తీసుకోవాలె.

ఏసేటప్పుడు వైరు పాత దారిలనే పోవాలె. మలుపు మరీ బిగువైతే ఎంత మంచి వైరైనా లోపల కోసుకపోతది.

ఇంకో ముచ్చట. వైరు ఒక్కసారిగ తెగది. పోగు పోగు తెగుతది, పడుగు తెగినట్టే. పెడల్ బరువైతే, తొక్కినప్పుడు కిర్రుమంటే, కొస దగ్గర పోగులు లేస్తే అప్పుడే మార్చాలె. మంచి వైరు కూడా మాటిమాటికి తెగుతుంటే తప్పు వైరుది కాదు. లోపల ప్రెషర్ ప్లేటు గాని, బుష్షు గాని బిగుసుకున్నదని అర్థం. అప్పుడు గేర్‌బాక్సు దించియ్యాలె. ఇంకో వైరు కొంటే పైసలు దండుగ.

ఇంటి లెక్కలు చూసే అక్కలకు, వదినెలకు ఒక మాట. బండి బాగుచేయించిన రోజు తీసేసిన పాత సామాను ఇంటికి తెమ్మని చెప్పండ్రి. మార్చినమన్నది నిజంగ మార్చిండ్రా లేదా, ఎంత అరిగింది, కళ్లతోటి చూడొచ్చు. నిజాయితీ ఉన్న మిస్త్రీ అడగకముందే సంచిల ఏసి ఇస్తడు.

సంచిల వైరుకు, పేరున్న వైరుకు ధరల ఉండే తేడా ఒక్క సంత పోతే పోయే పైసలకంటె తక్కువ. ఇంటికొచ్చినంక ఆ లెక్క మీరే ఒకసారి ఏసి చూసుకోండ్రి.

వచ్చే నెల కలుద్దాం.