ఆగమని ఎవరు చెప్పాలి?

(అభిప్రాయ వ్యాసం)

ముందుమాట

మారథాన్ పరుగు గురించి మీరు వినే ఉంటారు. దాని దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంతకంటే ఎక్కువ దూరం సాగే పరుగును అల్ట్రా మారథాన్ అంటారు. ఇవి 50, 100, 160 కిలోమీటర్ల వరకు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ దూరం కూడా ఉంటాయి. వీటిలో చాలా పందేలు కొండల్లో, అడవుల్లో, ఎడారుల్లో జరుగుతాయి. మన దేశంలో లడఖ్‌లో జరిగే ఒక పందెం 72 కిలోమీటర్లు సాగుతుంది. అందులో పాల్గొనేవారు 5,300 మీటర్లకు పైగా ఎత్తున్న ఖర్దుంగ్ లా కనుమను దాటాలి.

ఇలాంటి పందెంలో ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? దీనిపై నా అభిప్రాయం చెబుతాను. మీరు అంగీకరించవచ్చు, అంగీకరించకపోవచ్చు. ఏది చేసినా దానికి కారణం చూపడం నేర్చుకోవాలి. అభిప్రాయ వ్యాసం చదవడంలో ప్రయోజనం అదే.

1. ఏం జరిగింది?

2021 మే 22. చైనాలోని గాన్సు రాష్ట్రం. హొయాంగ్‌హో నది ఒడ్డున రాతిశిఖరాలు అడవిలా నిలిచిన ప్రాంతంలో 100 కిలోమీటర్ల పందెం మొదలైంది. 172 మంది బయలుదేరారు. చాలామంది పొట్టి నిక్కర్లు, పలుచని చొక్కాలు వేసుకున్నారు. మధ్యాహ్నానికి వాతావరణం ఒక్కసారిగా మారింది. ఈదురుగాలి, చల్లని వాన, వడగళ్లు మీదపడ్డాయి. అప్పటికి ముందువరుసలోని వారు రెండో మజిలీ దాటి నిటారు కొండ ఎక్కుతున్నారు. అక్కడికి వాహనాలు వెళ్లే దారి లేదు. తల దాచుకునే చోటు లేదు. 21 మంది చనిపోయారు. వారిలో దేశంలో పేరున్న క్రీడాకారులు కూడా ఉన్నారు.

ఇది కేవలం ప్రకృతి వైపరీత్యమా? ముందురోజే వాతావరణ శాఖ గాలుల గురించి హెచ్చరించింది. గాలిని, వానను ఆపే కోటు వెంట ఉంచుకోవాలని నిర్వాహకులు సలహా ఇచ్చారే తప్ప తప్పనిసరి చేయలేదు. వెచ్చని బట్టల సంచులను అందరి దగ్గర తీసుకుని, 60 కిలోమీటర్లు దాటాక వచ్చే మజిలీకి పంపించారు. చలి కమ్మిన చోటికి అది ఎంతో దూరం. తరువాత జరిగిన ప్రభుత్వ విచారణ నిర్వహణలోని లోపాలను ఎత్తిచూపింది. పలువురు అధికారులపై చర్యలు తీసుకున్నారు.

2. శరీరంలో ఏం జరుగుతుంది?

మన శరీర ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. అది 35 కంటే తగ్గితే వైద్యులు హైపోథెర్మియా అంటారు. దీనికి మంచు కురవనక్కరలేదు. తడిసిన బట్టలు, వీచే గాలి, అలసట, ఈ మూడూ కలిస్తే చాలు. పరిగెడుతున్నంతసేపు కండరాలు వేడిని పుట్టిస్తాయి. అలసి నడక మందగించాక ఆ వేడి తగ్గిపోతుంది.

మొదట వణుకు వస్తుంది. తరువాత వేళ్లు కొంకర్లు పోతాయి. సంచి ముడి విప్పడం కూడా చేతకాదు. మాట తడబడుతుంది. ఆలోచన మందగిస్తుంది. ఒక దశలో వణుకు ఆగిపోతుంది. అంటే చలి తగ్గిందని కాదు, ప్రమాదం ముదిరిందని.

ఎండదెబ్బ తగిలినవారికి కూడా మతి స్థిమితం తప్పుతుంది. గంటల తరబడి దాహానికి మించి నీళ్లు తాగినా రక్తంలో సోడియం పలుచబడి, మనిషి తికమకపడతాడు. కాళ్లకు బొబ్బలు లేచినా, మడమ బెణికినా నొప్పి పుట్టి మనిషిని ఆపుతుంది. కాని పైన చెప్పిన ప్రమాదాలు ‘ఇక ఆగాలి’ అని నిర్ణయించుకునే శక్తినే దెబ్బతీస్తాయి. ఈ విషయం బాగా గుర్తుంచుకోండి. నా వాదనకు ఇదే ఆధారం.

3. “వారి ఇష్టంతోనే వెళ్లారు కదా!”

కొందరు ఇలా అంటారు: “వాళ్లు చిన్నపిల్లలు కారు. కష్టమని తెలిసే వెళ్లారు. వారి ప్రాణానికి వారే బాధ్యులు.” ఈ మాటలో కొంత నిజముంది. సాహసం మనిషి హక్కు. ప్రమాదం ఉందని అన్నిటినీ నిషేధిస్తే ఎవరూ కొండ ఎక్కలేరు, సముద్రంలోకి పడవ వేయలేరు.

అయితే చలికి మెదడు మొద్దుబారిన మనిషిని “నీ నిర్ణయం నువ్వే తీసుకో” అనడం న్యాయమా? ఆ నిర్ణయం పందేనికి ముందే, వెచ్చని గదిలో కూర్చుని, స్థిమితంగా ఉన్నవారు తీసుకోవాలి. కోటు లేనివారిని బయలుదేరనివ్వకూడదు. వాతావరణం చెడితే ఆపే అధికారం ఎవరిదో ముందే తేల్చాలి. గాయపడినవారిని ఏ దారిన తెస్తారో రాసిపెట్టుకోవాలి. ఇవి లేకపోతే తరువాత చేసేదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇది సాధ్యమే. ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్ చుట్టూ జరిగే ప్రసిద్ధ పందెంలో వానకోటు, వేడిని నిలిపే దుప్పటి, ఈల, దీపాలు లేనిదే పరుగుకు అనుమతి లేదు. 2010లో కుండపోత వాన కురిసినప్పుడు ఆ పందేన్ని మధ్యలోనే ఆపేశారు. దానికి భిన్నంగా, 2011 సెప్టెంబరు 2న పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీలో జరిగిన పందెంలో పరుగువారిని కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇద్దరు యువతులు తీవ్రంగా కాలిపోయారు. ప్రమాదాన్ని తగ్గించడానికి నిర్వాహకులు చేయవలసినవన్నీ చేయలేదని అక్కడి శాసనసభ సంఘం తేల్చింది.

4. ఒక గొర్రెల కాపరి

గాన్సు కొండల్లో ఆ రోజు జూ కెమింగ్ అనే గొర్రెల కాపరి కూడా ఉన్నాడు. ఆ కొండ స్వభావం తెలిసినవాడు కాబట్టి ఒక గుహలో బట్టలు, తిండి ముందే దాచుకున్నాడు. వాన రాగానే అందులోకి చేరాడు. బయట కనిపించిన పరుగువారిని లోపలికి తెచ్చి, మంట వేసి, ఆరుగురి ప్రాణాలు కాపాడాడు. ఖర్చుపెట్టి ఏర్పాట్లు చేసినవారికి లేని ముందుచూపు ఆయనకు ఉంది. ఆ ముందుచూపు అనుభవం నుంచి వచ్చింది.

5. మనకేమిటి?

మీరు వంద కిలోమీటర్లు పరిగెత్తకపోవచ్చు. కాని మీ ఊళ్లో పరుగు పందెమో, కొండ మీది జాతరకు కాలినడక ప్రయాణమో జరిపే సంఘంలో రేపు మీరే ఉండవచ్చు. అప్పుడు బహుమతులు ఎన్ని అన్న ప్రశ్నకంటే ముందు, ఆపమని చెప్పేది ఎవరు అని అడగండి. మీరే పాల్గొంటే, మధ్యలో ఆగడం అవమానమని అనుకోకండి. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్నారు పెద్దలు. పందెం మరో ఏడాది కూడా ఉంటుంది.

ఆలోచించండి

1. “వణుకు ఆగిపోవడం మంచి సూచన కాదు.” ఎందుకు?
2. సాహసం చేసే హక్కుకు, నిర్వాహకుల బాధ్యతకు మధ్య హద్దు ఎక్కడ ఉండాలని మీరు భావిస్తున్నారు? కారణాలతో పది వాక్యాలు రాయండి.
3. మీ ప్రాంతంలో జరిగే ఏదైనా ఒక వేడుకను తీసుకోండి. అందులో ప్రమాదం జరగకుండా ముందే చేయవలసిన ఏర్పాట్లు మూడు రాయండి.