ఐదొందల బాకీ, తొమ్మిది మంది పెద్దమనుషులు



ఈసారి పోస్టు యూరియా గురించి కాదు, దోమపోటు గురించీ కాదు. మన రావిచెట్టు అరుగు మీద నడిచిన ఐపీఎల్ ఫాంటసీ లీగ్ గురించి. చదువుతుంటే నవ్వొస్తుంది, నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. పేర్లు రాయను. ఎవరి గురించో వాళ్ళకి తెలుసు, వాళ్ళింట్లో ఆడవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

తెలియని వాళ్ళ కోసం ముందు సంగతి చెప్తా. 2025 మార్చిలో 14 మందిమి కలిశాం. ప్రతి మ్యాచ్‌కీ టాస్ పడేలోపు 11 మంది ఆటగాళ్ళ పేర్లు గ్రూపులో పెట్టాలి. కెప్టెన్‌కి పాయింట్లు రెండింతలు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు. డకౌట్ అయితే మైనస్ రెండు. యాప్‌లో డబ్బు కట్టి ఆడటం మన ఆంధ్రాలో 2020 నుంచే బంద్ కాబట్టి నోటు పుస్తకంలో రాసుకున్నాం. లెక్క రాసే పని నాది. మనిషికి 500, మొత్తం 7000. మొదటివాడికి 5000, రెండోవాడికి 1000, మిగిలిన 1000తో మన బడి పిల్లలకి బ్యాట్లు, బంతులు.

జూన్ 3న ఫైనల్ అయింది. బెంగళూరు పంజాబ్ మీద 6 పరుగులతో గెలిచింది. పద్దెనిమిదో సీజన్‌కి కోహ్లీకి కప్పు దక్కింది గానీ, మన లీగ్ గెలిచిన తమ్ముడికి మాత్రం డబ్బు దక్కలేదు. 14 మందిలో కట్టింది అయిదుగురే. వచ్చిన 2500 అతని చేతిలో పెట్టా. అందులో 500 అతను కట్టిందే!

మిగతా తొమ్మిది మందీ చెప్పిన సాకులు వినండి.

ఒక బాబాయ్ అంటాడూ, "ఐపీఎల్ మధ్యలో ఆగిపోయింది కదరా, ఆగిందంటే మన ఒప్పందం కూడా రద్దే." నిజమే, మే 9న యుద్ధ వాతావరణం వల్ల ఆపారు. 17న మళ్ళీ మొదలెట్టారు. ఆ రోజు బెంగళూరులో వానకి ఒక్క బంతి కూడా పడలేదు గానీ, బాబాయ్ టీమ్ మాత్రం సాయంత్రం అయిదింటికే గ్రూపులో పడింది. రద్దయిన లీగ్‌లో టీమ్ ఎందుకు పెట్టావు బాబాయ్?

ఒక బావ లెక్క ఇంకోటి. మార్చి 23న ఇషాన్ కిషన్ రాజస్థాన్ మీద 47 బంతుల్లో 106 కొట్టాడని, తర్వాతి మ్యాచ్‌కి అతన్నే కెప్టెన్ చేశాడు. 27న లక్నో మీద మొదటి బంతికే అవుట్. మైనస్ రెండు, కెప్టెన్ కాబట్టి మైనస్ నాలుగు. "నన్ను ముంచింది హైదరాబాద్ టీమ్, పోయి వాళ్ళనడుగు" అంటున్నాడు. బావా, ధాన్యం రేటు పడిపోయిందని పురుగుమందుల కొట్టువాడు నీ బాకీ కొట్టేశాడా ఎప్పుడైనా?

ఇంకొకాయన ఫోన్‌లో ఆరు నెలల నుంచీ యూపీఐ పనిచేయట్లేదట. టీ కొట్టు దగ్గర మాత్రం గంట మోగినట్టు పనిచేస్తుంది.

అందరికన్నా గట్టివాడు మన మావయ్య. ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది కదా. "ఇప్పుడు కడితే నన్ను జైల్లో వేస్తారు" అన్నాడు. మావయ్యా, చట్టం వచ్చింది ఆగస్టులో, నీ బాకీ మార్చిలోది. పైగా మనది ఆన్‌లైన్ కాదు, రెండొందల పేజీల నోటు పుస్తకం. దానికి ఆయన, "పందెం బాకీ చెల్లదురా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చూసుకో" అన్నాడు. చూశాను. నిజమే, పందెం డబ్బు కోసం కోర్టులో దావా వేయలేం. కాబట్టి మావయ్యా, ఇందులో నీకు హామీగా ఉన్నది కాగితం కాదు, నీ నోటి మాట. అదే చెల్లదని నువ్వే చెప్తున్నావు!

ఇక అసలు సంగతికొస్తా.

గెలిచిన తమ్ముడు కౌలు రైతు. మూడెకరాలు చేస్తాడు. మొదటి రోజే పదులు, యాభైలు లెక్కపెట్టి 500 కట్టినవాడు అతనొక్కడే. ఎగ్గొట్టిన తొమ్మిది మందిలో ట్రాక్టర్ ఉన్నవాళ్ళున్నారు, పదెకరాలవాళ్ళున్నారు. అతను చేసే చేను ఎవరిదో, ఆ ఆసామీ కూడా ఆ తొమ్మిది మందిలోనే ఉన్నాడు. "నువ్వే అడగొచ్చు కదరా" అన్నా ఒకరోజు. "అడిగితే దాళ్వాకి చేను ఇస్తారో లేదో అన్నా" అన్నాడు.

ఆ మాటతో నాకు నవ్వు ఆగిపోయింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేనివాడి సంగతేంటి? మీరు కట్టనిది మర్చిపోయి కాదు, అతను అడగడన్న ధైర్యంతో. కౌలు బస్తాలు రెండ్రోజులు ఆలస్యమైతే ఇంటిముందు నిలబడతాం. మిల్లు నుంచి డబ్బులు పడకపోతే రోడ్డెక్కుతాం. "రైతు కష్టం అంటే లెక్కలేదా" అని ఈ పేజీలో నేనే ఎన్నిసార్లు రాశానో! మనకి రావాల్సిందైతే కష్టార్జితం, మనం ఇవ్వాల్సిందైతే సరదానా?

నా తప్పు కూడా ఉంది, దాచను. డబ్బు చేతికి రాకుండా పుస్తకం తెరిచింది నేనే. "మనోళ్ళే కదా, ఎక్కడికి పోతారు" అనుకున్నా. ఆ తమ్ముడి దగ్గర మాత్రం మొదటి రోజే తీసుకున్నా. అతన్ని అడగడం తేలిక, మిమ్మల్ని అడగడం మొహమాటం. ఆలోచిస్తే మీరు చేసిందే నేనూ చేశాను.

అందుకని రెండే మాటలు.

ఒకటి: నూర్పిళ్ళు అయ్యాయి, ధాన్యం డబ్బులు పడ్డాయి. సంక్రాంతి లోపు తొమ్మిది అయిదొందలూ రావాలి, మొత్తం 4500. తమ్ముడికి ఇంకా 2500, రెండో స్థానం అన్నకి 1000, బడి పిల్లలకి 1000. ఆ పిల్లలు ఇప్పటికీ కొబ్బరి మట్టలే బ్యాట్లుగా ఆడుతున్నారు, పోయి చూడండి.

రెండు: వచ్చే సీజన్ నుంచి డబ్బు లేదు. పాయింట్లు మాత్రమే. ఆఖరి స్థానంలో ఉన్నవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. మాట మీద నిలబడలేని చోట డబ్బు పెట్టి ఆడే అర్హత మనకి లేదు.

రోజూ రాత్రి ఏడింటికి అరుగు దగ్గర పుస్తకంతో కూర్చుంటా. కట్టినవాళ్ళ పేరు కొట్టేస్తా. మూసినవాళ్ళ తలుపు తడతా. ఈసారి మొహమాటం పడను.