మూడు కంపెనీలకు ఒక గుమాస్తా

మీలో చాలమంది రైతు ఉత్పత్తిదారుల కంపెనీలలో వాటాధనము చెల్లించి సభ్యులైనారు. ఆ కంపెనీ చిట్టా వ్రాయు గుమాస్తాకు జీతము ఎక్కడనుండి వచ్చుచున్నదో ఎన్నడైన విచారించితిరా?

కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రారంభించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకము క్రింద ఒక్కొక్క సంఘమునకు మూడు సంవత్సరములలో 18 లక్షల రూపాయలకు మించకుండ నిర్వహణ సహాయము లభించును. ముఖ్య కార్యనిర్వహణాధికారి జీతమును, గుమాస్తాకు నెలకు 10,000 రూపాయల వరకును అందులోనివే. గడువు తీరిన పిమ్మట ఆ భారము కంపెనీదే. ఎరువులు, విత్తనములు అమ్మగా మిగిలిన స్వల్ప లాభముతో చిన్న కంపెనీ గుమాస్తాను నిలుపుకొనలేదు. అతడు పట్నములో వేరు కొలువు చూచుకొనును. లెక్కలు ఆగిపోవును. రిజిస్ట్రారుకు పంపవలసిన వార్షిక పత్రములు ఆలస్యమైనచో ఒక్కొక్కదానిపై రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడును. ఆ సొమ్ము మీదే.

ఇరుగుపొరుగు కంపెనీలు మూడు కలసి ఒకే గుమాస్తాను పెట్టుకొనరాదా? ఫ్రాన్సు దేశపు రైతులు ఇట్టి పని ఎంతో కాలముగా చేయుచున్నారు. 1985 జూలైలో అక్కడ వెలువడిన చట్టము ప్రకారము కొందరు యజమానులు ఒక సంఘముగా చేరి పనివానిని నియమింతురు. అతనికి యజమాని సంఘమే. ఎవరివద్ద ఎన్నిరోజులు పనిచేసెనో ఆ మేరకు వారు ఖర్చు భరింతురు. సంఘము జీతము బాకీపడినచో సభ్యులందరును ఉమ్మడిగా బాధ్యులు. ఆ పద్ధతికి ప్రాణము ఈ షరతులోనే ఉన్నదని నా నమ్మకము. అది లేనిచో చదువుకొన్న యువకుడెవడును ముగ్గురు యజమానులను నమ్మి రాడు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చునని మీరనవచ్చును. ఆ భయము నిజమే. ఏ వారము ఏ ఊరిలో ఉండవలెనో, సెలవు ఎవరిచ్చెదరో, తప్పుకొనదలచిన కంపెనీ ఎన్ని నెలల ముందు చెప్పవలెనో కాగితముమీద వ్రాసికొననిచో మూడు నెలలలో తగవు వచ్చును. మరియొక చిక్కు గలదు. మూడు కంపెనీలును ఒకే పంటను అదే వ్యాపారులకు అమ్ముచున్నచో ఒకరి ధర మరియొకరికి తెలియుట గుమాస్తా చేతిలో ఉండును. కనుక పసుపు కంపెనీ మామిడి కంపెనీతో కలియుట మేలు. పని రద్దీయు వేర్వేరు నెలలలో వచ్చును. అయినను మార్చి 31వ తేదీ అందరికిని ఒక్కటే. ఏ నెల లెక్క ఆ నెలలో తేల్చనిచో ఏప్రిల్‌లో ఒక్క మనిషి మూడు కంపెనీల ఖాతాలు ముగించలేడు.

ముఖ్య కార్యనిర్వహణాధికారిని మాత్రము ఇట్లు పంచుకొనరాదు. ప్రతి ఉత్పత్తిదారుల కంపెనీకిని పూర్తికాలపు అధికారి ఉండవలెనని చట్టము. గుమాస్తా, సరకు గ్రేడింగు చేయువాడు, ట్రాక్టరు డ్రైవరు వంటివారికి ఆ అడ్డు లేదు.

వ్యవసాయ విస్తరణాధికారులు ప్రక్క గ్రామముల డైరెక్టర్లను ఒకచోట కూర్చుండబెట్టుటకు మూడవ సంవత్సరము ముగియువరకు ఆగనక్కరలేదు. సహాయపు సొమ్ము వచ్చుచుండగనే బేరము కుదుర్చుకొన్నచో ఇప్పుడున్న గుమాస్తాలలో చేయితిరిగిన వానిని పోనీయక నిలుపుకొనవచ్చును.