సంత అంచున నీడపట్టు

జగదల్పూరు చుట్టుపక్కల తోకాపాల్, లోహండిగూడ, దర్భా వంటి ఊళ్ళలో వారానికి ఒకరోజు సంత జరుగుతుంది. ఉదయం ఖాళీగా కనిపించిన మైదానం మధ్యాహ్నమయ్యేసరికి జనంతో కిటకిటలాడుతుంది. అడవిదారుల వెంట కావళ్ళు, గంపలు, కోళ్ళు, పసిపిల్లలు అన్నీ అక్కడికే చేరుకుంటాయి. చింతపండు, ఇప్పపువ్వు, చీపుళ్ళు అమ్మినవారు ఆ డబ్బుతోనే ఉప్పు, నూనె, గుడ్డలు కొనుక్కుంటారు. అయితే బేరసారాలు ముగిసిన వెంటనే ఎవరూ ఇంటిదారి పట్టరు. సంత అంచున, చెట్ల నీడన, కుండలు ముందు పెట్టుకొని స్త్రీలు వరుసగా కూర్చున్న చోటికి వారి అడుగులు సాగుతాయి. అక్కడ కొంతసేపు కూర్చొనకపోతే సంతకు వెళ్ళినట్లే కాదని బస్తరు గిరిజనుని భావన.

ఆ నీడపట్టున బల్లలు లేవు, కుర్చీలు లేవు. నలుగురైదుగురు గుండ్రంగా గొంతుక్కూర్చొని, అడ్డాకు దొప్పలు చేతబట్టుకొని ఉంటారు. కుండలలో సల్ఫీ కల్లు, లాందా అనే బియ్యపు గంజికల్లు, ఇప్పసారా ఉంటాయి. పక్కనే మరొక స్త్రీ ఉడికించిన శనగలు, వేయించిన ఎండుచేపలు పెట్టుకొని ఉంటుంది. దొప్పలో పోసినది నోటికి తాకించే ముందు పెద్దలు నాలుగు చుక్కలు నేలమీద విడుస్తారు. అది గతించిన పెద్దల వాటా. ఆ తరువాతనే బతికున్నవారి వంతు.

ఇటువంటి ఏర్పాటు బస్తరుకు మాత్రమే పరిమితమైనది కాదు. జపానులో సాయంత్రం పని ముగించుకొన్న మిత్రులు గుమిగూడే చిన్న భోజనశాలలను ‘ఇజకయ’ అంటారు. సారా దుకాణంలో కొని వెంటనే వెళ్ళిపోక అక్కడే ఉండి త్రాగడమనే అర్థంలో ఆ పేరు పుట్టింది. ఎడో యుగంలో బియ్యపు మద్యం అమ్మే అంగళ్ళవారు కొనుగోలుదారులకు కూర్చొనే చోటు కల్పించారు. క్రమంగా నంజుకొనడానికి చిన్న చిన్న వంటకాలు కూడ సమకూర్చారు. నేటికీ అనేక ఇజకయల వాకిట ఎర్రకాగితపు లాంతరు వేలాడుతూ ఉంటుంది. ఎవరికి వారు విడిగా విస్తరి వేసుకొనక, మధ్యలో పెట్టిన పళ్ళేలనుండి అందరూ పంచుకొని తినడం అక్కడి పద్ధతి. ఒకరి పాత్రను వేరొకరు నింపడం మర్యాద. లాంతరు బదులు చెట్టునీడ, పింగాణీ పాత్ర బదులు ఆకుదొప్ప. ఈ తేడాలు పక్కన పెట్టితే రెండు చోట్లా సారాంశం ఒక్కటే. త్రాగుడు అక్కడ ఒక సాకు. కలుసుకొనడమే అసలు పని.

బస్తరు సంతను నిశితంగా పరిశీలించినవారిలో బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ జెల్ ఒకరు. ధోరాయి అనే ఊరి సంతను గురించి ఆయన 1982లో ఒక వ్యాసం ప్రకటించారు. చూపుకు గందరగోళంగా తోచే ఆ సంతలో ఒక చక్రం వంటి అమరిక ఉన్నదని ఆయన గుర్తించారు. నగలు, బట్టలు వంటి విలువైన సరుకు అమ్మే వర్తకులు నడిబొడ్డున ఉంటే, స్థానికమైన చిల్లర సరుకులు అమ్మేవారు వెలుపలి వలయాలలో ఉంటారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తే సమాజంలో ఎవరి స్థానమేదో తెలిసిపోతుందన్నమాట. ఆ లెక్కన చూస్తే, అంచున ఉన్న నీడపట్టుకు ఒక ప్రత్యేకత కనిపిస్తుంది. నడిబొడ్డున గిరిజనుడు కేవలం కొనుగోలుదారు. తూకం, ధర, భాష అన్నీ వర్తకునివే. అంచున మాత్రం అతడే అతిథి, అతడే ఆతిథేయి. అక్కడ కుండ అతని ఊరి ఆడపడుచుది; కల్లు అతని అడవి చెట్టుది.

సల్ఫీ అంటే మరేమో కాదు, మన గోదావరి, విశాఖ మన్యాలలో జీలుగు అని పిలిచే చెట్టే. శాస్త్రజ్ఞులు దీనిని కారియోటా యురెన్స్ అంటారు. సింహళంలో దీని రసాన్ని కాచి పాకం, బెల్లం తయారు చేస్తారు. బస్తరులో దీనికి ‘బస్తరు బీరు’ అనే ముద్దుపేరు కూడ ఉన్నది. నాటినది మొదలు గెల వేయడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. మొదటి గెల తలభాగంలో పుట్టుతుంది. తరువాతివి ఒకదాని క్రింద ఒకటిగా దిగివస్తాయి. అట్టడుగు గెల ముగియడంతో చెట్టు ఆయువు కూడ తీరిపోతుంది. కణుపుల మొదళ్ళు వదలి కొమ్మలు నరికిన వెదురుబొంగే గీతగానికి నిచ్చెన. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కిన కొలదీ పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మరునాటికి దాచుదామంటే దాగదు. కాబట్టి దించిన రోజే పదిమందితో పంచుకొనక తప్పదు. దాచుకొనే వీలులేని వస్తువు మనుష్యులను కలిపి కూర్చోబెట్టుతుంది.

అందువలన సల్ఫీ చెట్టు ఆ కుటుంబానికి ఆస్తి మాత్రమే కాదు, పరువు కూడ. కూతురి పెండ్లిలో చెట్టును అరణంగా ఇచ్చే ఆచారం కొన్నిచోట్ల ఉన్నది. చెట్టు హక్కును గురించి తగాదాలు రావడమూ కద్దు.

లాందా సంగతి వేరు. బియ్యపు పిండిని ఆవిరిమీద ఉడికించి, మొలకెత్తిన మొక్కజొన్న పిండి కలిపి, నీటితో కుండలో పులియబెట్టుతారు. మొలకలలోని గుణం వలన పిండి తీపిగా మారుతుంది. ఆ తీపి పులిసి మత్తు పుట్టుతుంది. జపానువారు ఇదే పనిని అన్నం మీద పెంచే ఒక బూజు చేత చేయిస్తారు. పద్ధతి వేరైనా పదార్థం రెండుచోట్లా బియ్యమే. చిక్కగా, పుల్లగా ఉండే లాందా ఆకలిని కూడ తీర్చుతుంది. మండుటెండలో పది మైళ్ళు నడిచి వచ్చినవారికి అది సగం పానీయం, సగం భోజనం.

నంజుకొనే వాటిలో పేరు మోసినది చాప్‌డా. మామిడి, సాలవృక్షాల ఆకులను కుట్టి గూళ్ళు కట్టుకొనే ఎర్రచీమలను, వాటి గ్రుడ్లను ఉప్పు, మిరపకాయ, అల్లం, వెల్లుల్లితో నూరి దీనిని చేస్తారు. చీమలలోని ఆమ్లమే దీనికి పులుపు. మొదటిసారి విన్నవారు ముఖం చిట్లించవచ్చుగాని, ఒరిస్సాలోని మయూర్‌భంజ్ ప్రాంతపు ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించిందన్న సంగతి గమనింపదగినది. అడవిలో దొరికే ఆహారాన్ని అనాగరికమని తీసిపారవేసే కాలం మెల్లమెల్లగా గడచిపోతున్నది.

ఈ నీడపట్టున కలుసుకొనేవారు కేవలం పరిచయస్తులు కారు. వేరువేరు ఊళ్ళకు పెండ్లియై వెళ్ళిన అక్కచెల్లెండ్రు ఇక్కడే కలుసుకొంటారు. వియ్యంకులు ఇక్కడే మాట కలుపుకొంటారు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో స్నేహానికి కూడ ఒక సంస్కారం ఉన్నది. పూరీ జగన్నాథుని ప్రసాదాన్ని ఒకరికొకరు తినిపించుకొని ఇద్దరు మిత్రులైతే, ఆనాటినుండి వారు పేరుపెట్టి పిలుచుకొనరు. పరస్పరం ‘మహాప్రసాద్’ అని సంబోధించుకొంటారు. కులం అడ్డురాని ఆ బంధం రెండు కుటుంబాలనూ కలుపుతుంది. అటువంటి మిత్రుడు సంతలో ఎదురైనప్పుడు ఒక దొప్ప కల్లు అందించకుండా వెళ్ళిపోవడం మర్యాద కాదు.

అయితే ఈ చిత్రానికి మరొక పార్శ్వం లేకపోలేదు. వెరియర్ ఎల్విన్ బస్తరు మారియాలలో జరిగిన నూరు హత్యల వివరాలను పరిశీలించి 1943లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆ హత్యల కారణాలలో మత్తు కూడ ఒకటిగా కనిపిస్తుంది. బట్టీ పెట్టి దించిన సారా సల్ఫీ వంటిది కాదు. అది చెడిపోదు, కాబట్టి పంచుకొనవలసిన అవసరం లేదు. సీసాలో పోసి ఇంటికి తీసుకొనిపోయి ఒంటరిగా త్రాగవచ్చు. దానిని అందరికంటె ముందుగా గుర్తించేది ఇంట్లో కుండ ఖాళీగా చూసే స్త్రీయే. కుండముందు కూర్చొన్న స్త్రీకి ఎదుటివాడు ఎవరి కొడుకో, ఎంత త్రాగాడో తెలుసు. చాలునని చెప్పగల చనువు కూడ ఉంటుంది. సీసాకు ఆ చనువు లేదు.

ఇటీవలి కాలంలో ఆ నీడపట్టును రెండు కష్టాలు చుట్టుముట్టాయి. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత దక్షిణ బస్తరులో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినాయి. అనేక సంతలు మూతపడ్డాయి. ఎందరో గిరిజనులు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకొన్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వెలువడినంత త్వరగా సంత తిరిగి కూడదు. సంతకు కావలసినది మైదానం మాత్రమే కాదు. దారిలో భయం లేకపోవడం కూడ.

రెండవ కష్టం చెట్టుకే వచ్చింది. ఫ్యుసేరియం అనే శిలీంధ్రం సోకి సల్ఫీ చెట్లు ఎండిపోతున్నాయి. నేలలో ఉండే ఈ తెగులు వేళ్ళద్వారా ప్రవేశించి నీరు పైకి ప్రవహించే నాళాలను మూసివేస్తుంది. ఆకులు వాలిపోతాయి; చెట్టు నిలువునా చనిపోతుంది. ఈనాడు మొక్క నాటినవాడు కల్లు రుచి చూడడానికి పది పదిహేనేళ్ళు ఆగవలసి ఉన్నందున ఈ నష్టం ఒక తరానికి సంబంధించినది. చెట్టు లేని ఊరిలో ఆ ఖాళీని బట్టీసారా, దుకాణపు సీసా ఆక్రమించుకోవడానికి ఎంతోకాలం పట్టదు.

మార్గం లేదని చెప్పడానికి వీలులేదు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పుతున్నది. ఊరి సంతలను నిర్వహించే అధికారమూ అదే చట్టంలో, అదే వరుసలో ఉన్నది. సంతనూ మద్యాన్నీ ఒకేచోట చెప్పిన ఆ చట్టం బస్తరు జీవితంలోని ఒక సత్యాన్ని గుర్తించినట్లే అయినది. ఏది అమ్మవచ్చు, ఏది అమ్మరాదు, ఏ వేళకు కుండలు మూసివేయాలి అనే నిర్ణయం దూరపు కచేరీలో కంటె ఆ చెట్టునీడననే బాగుగా జరుగగలదు. ఆ నిర్ణయంలో కుండముందు కూర్చొనే స్త్రీ మాటకు, ఇంట్లో ఖాళీకుండ చూసే స్త్రీ మాటకు మొదటి చోటు ఉండాలి.

పొద్దు వాలుతుంది. గంపలు తలకెత్తుకొని జనం తిరుగుముఖం పడతారు. చెట్టుక్రింద ఖాళీ దొప్పలు మిగులుతాయి. వాటిని మేకలు వచ్చి తినిపోతాయి. వచ్చేవారం అదే నేలపై మళ్ళీ కుండలు వెలుస్తాయి. కాకపోతే ఆ కుండలోకి కల్లు దించే చెట్టు అప్పటికి ఇంకా నిలిచి ఉండాలి. ఆ నీడకు చేరే దారి నిర్భయంగా ఉండాలి.