డడపర్చూరు

నేను తెలుగు వికీపీడియాలో టైపు చేసిన మొదటి మాట "డడపర్చూరు". నవ్వకండి. లింకు పెట్టాలంటే పేరుకి ముందు రెండు చదరపు బ్రాకెట్లు తెరవాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో సరిగ్గా ఆ మీట మీదే 'డ' ఉంటుంది. బ్రాకెట్ కావాలంటే ఇంగ్లీషుకి మారాలి, కొట్టాక మళ్లీ తెలుగుకి రావాలి.

సీ ప్రోగ్రాముల్లో రోజూ బ్రాకెట్లతోనే కదా మన కాపురం! కానీ ఇక్కడ అసలు చిక్కు, బ్రాకెట్ ఎక్కడ మూయాలన్నది. ఇంగ్లీషులో 'ఇన్' ఊరిపేరుకి ముందు విడిగా ఉంటుంది. మన 'లో' పేరుకి అతుక్కుంటుంది. [[పర్చూరు]]లో అని రాస్తే ఇబ్బంది లేదు, బయటున్న 'లో'ని కూడా సాఫ్ట్‌వేరే లింకులో కలుపుకుంటుంది. కానీ మా తాతయ్య "కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి, తాలుకాయలు ఏరతాంరా" అన్నాడు. 'కల్లం' రూపమే మారిపోయింది. అప్పుడు మధ్యలో నిలువు గీత పెట్టాలి: [[కల్లం|కల్లాల్లో]]. ఎడమవైపు పేజీ పేరు, కుడివైపు చదివేవాళ్లకి కనిపించే మాట. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు విభక్తులంటే పరీక్ష కోసం బట్టీపట్టిన పట్టిక. అవి మాటని ఏం చేస్తాయో ఆ గీత దగ్గరే అర్థమైంది.

"విజువల్ ఎడిటర్ ఉందిగా, ఈ గోల ఎందుకు?" అంటారు ఫ్రెండ్స్. ఉంది, మంచిదే. కానీ ఎవరో ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోయి పేజీ చెదిరితే, సోర్స్ చదవగలిగినవాళ్లు కావాలి. 2022 ఏప్రిల్‌లో పర్చూరు ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. అలాంటప్పుడు ఊరి పేజీలో వాక్యం ఒక్కటే మారిస్తే సరిపోదు. పక్కనున్న సమాచారపెట్టె, కింద వర్గం కూడా మార్చాలి. అవన్నీ బ్రాకెట్ల మధ్యే ఉంటాయి.

నా అభిప్రాయం ఇది. తాతయ్యకి కల్లం తెలుసు, తాలు తెలుసు, బ్రాకెట్లు తెలీవు. నాకు బ్రాకెట్లు తప్ప మిగతావేవీ తెలీవు. ఆయన్ని ఈ వయసులో ఇవి నేర్చుకోమనడం కంటే, నేను ఆయన పక్కన కూర్చోవడం తేలిక. తాతయ్య మాట ఒక్కటే ఆధారంగా చాలదు, పుస్తకాలు వెతకాలి. కానీ ఏం వెతకాలో చెప్పేది ఆయనే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, మనకంటే పెద్దది. ఈ సెలవుల్లో మీ ఊరి మాట ఒక్కటి బ్రాకెట్లలో పెట్టి చూడండి. లింకు ఎర్రగా వస్తే భయపడకండి, ఆ పేజీ ఇంకా ఎవరూ రాయలేదని అర్థం. అది మీరే రాయండి.